గాలి మూసే బొత్తాం

మా కారులో బయటిగాలిని లోపలికి రానివ్వకుండా ఆపే బొత్తాం ఒకటుంది. కారు బొమ్మ, అందులో వంపు తిరిగిన బాణం. నొక్కితే పక్కన చిన్న నారింజరంగు దీపం వెలుగుతుంది. లారీ వెనక పొగ తింటూ పోయేటప్పుడు తప్ప నాకు దానితో పని పడేది కాదు. మా అత్తకు మాత్రం కారంటే ఆ బొత్తామే. ఇంజను, చక్రాలు, స్టీరింగు, అన్నీ ఆ బొత్తాన్ని మోసుకుపోవడానికి పెట్టినవని ఆమె లెక్క.

మాది చింతామణి దగ్గర పల్లె. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇంట్లో పట్టుపురుగులు మేపేది మా అత్త. గుడ్డు పగిలిన పురుగుల్ని నేరుగా ఇంటికి తెచ్చుకోం. చిక్కబళ్లాపురం వైపు చాకీ సెంటరు ఒకటుంది. అక్కడ రెండో జ్వరం, అంటే రెండోసారి కుబుసం విడిచేదాకా పెంచి ఇస్తారు. తట్టల్లో పెట్టుకుని తెచ్చుకుంటే మిగతా మేపు మాది.

పురుగుకు వాసన పడదు. పంట ఇంట్లో ఉన్నన్నాళ్లు నేను పౌడరు రాసుకోకూడదు, అగరొత్తి వెలిగించకూడదు, పోపు ఘాటుగా వేయకూడదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు తలకు సంపెంగ నూనె పెట్టుకుని పురుగుల ఇంటి గడప దగ్గర నిలబడ్డానని మా అత్త నాకు తలస్నానం చేయించి గానీ ఇంట్లోకి రానివ్వలేదు. పురుగులకున్నంత ముక్కు మన దేశంలో ఎవరికీ ఉండదని నేను చాలాసార్లు గొణుక్కున్నాను.

కానీ పోయిన చలికాలం జరిగింది చూశాక ఆ గొణుగుడు తగ్గించాను. ఆటోలో తట్టలు తెస్తుంటే దారిలో ద్రాక్షతోటల్లో మందు కొడుతున్నారట. ఆటోకు తలుపులుండవు. ఇంటికి వచ్చేసరికే పురుగులు తలలు పైకెత్తి ఊపుతున్నాయి, పచ్చటి నీళ్లు కక్కుతున్నాయి. కొద్దిరోజుల్లో ఒక్కటి మిగల్లేదు. మా ఆయన పనిమీద ఊళ్లో లేడు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి మా అత్త మల్బరీ ఆకుతోట పక్కన గుంత తవ్వి, సున్నం చల్లి, అన్నిటినీ పూడ్చేసి, కాళ్లు కడుక్కుంటోంది. ఆ రాత్రి అన్నం వద్దంది. అందుకే కారు కొందామన్నప్పుడు దండగ ఖర్చని మొదట్నుంచీ అడ్డుపడ్డ మనిషి, షోరూం అబ్బాయి ఆ బొత్తాం చూపించి బయటి వాసన రాదని చెప్పగానే మారు మాట్లాడకుండా ఒప్పుకుంది.

ఈ చలికాలం పంటకు పురుగులు తేవడానికి మేమిద్దరమే వెళ్లాం. నేను స్కూలుకు సగం రోజు రజా పెట్టాను. తెల్లవారకముందే తట్టలు ఎక్కించాం. వెనక సీటు మడిచి, తట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పురుగు ఆరిపోకూడదని మా అత్త వాటిమీద నీళ్లలో ముంచిన గోనెపట్టా కప్పింది. కిటికీలన్నీ ఎక్కించింది. ముందు సీట్లో కూర్చుని, బెల్టు సంగతి మరిచిపోయి, బొత్తాం మాత్రం మరవకుండా నొక్కింది.

బయట నంది కొండ కనపడనంత మంచు. లోపల తడి గోనె, లేత ఆకు, మా ఇద్దరి ఊపిరి. గాలి పోయే దారి లేదు. పట్టుమని పది నిమిషాలు కాలేదు, ముందు అద్దం లోపలి వైపు నుంచి తెల్లబడడం మొదలెట్టింది.

దానికి వేరే బొత్తాం ఉంది. అద్దం బొమ్మమీద పైకి లేస్తున్న మూడు వంకర గీతలు. అది నొక్కాను. అద్దం మీదికి వెచ్చటి గాలి కొట్టింది, రోడ్డు కనపడింది, ప్రాణం లేచి వచ్చింది. కానీ మా కారులో అది నొక్కితే బయటిగాలి దారి దానంతటదే తెరుచుకుంటుంది. నారింజ దీపం ఆరిపోయింది. మా అత్త రోడ్డు చూడడం లేదు, దీపాన్నే చూస్తోంది. వెంటనే నొక్కింది. దీపం వెలిగింది, అద్దం మసకబారింది. నేను నాది నొక్కాను. ఆమె ఆమెది నొక్కింది. లెక్కల టీచర్ని, నలభై మంది పిల్లల్ని నోరెత్తకుండా కూర్చోబెడతాను. ఒక్క చూపుడువేలిని ఆపలేకపోయాను.

పోనీ, గాలి మూసే ఉంచి ఏసీ వేద్దామనుకున్నాను. ఏసీ గాలిలో తడిని లాగేస్తుంది. హీటరు కూడా తిప్పితే వచ్చేది వెచ్చటి గాలే. ఇదంతా విడమరిచి చెప్పాను. ఆమె చేయి తీసుకెళ్లి గాలి వచ్చే చోట పెట్టాను. వెచ్చగానే ఉందని ఒప్పుకుంది. ఇప్పుడు వెచ్చగా ఉండి తర్వాత చల్లబడితే ఎవరు జవాబుదారీ అని అడిగింది. ఏసీ అంటే చలి, చలికాలంలో ఏసీ అంటే పిచ్చి. అంతటితో ఆ కథ ముగిసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక చీరకొంగుతో అద్దం తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోట చారలు. ఎదురుగా వచ్చే లారీ లైటు ఆ చారల్లో పడి అద్దమంతా చెదిరిపోతోంది. వద్దు అత్తా అంటే వినదు. నేను మెడ సాచి, స్టీరింగు మీద వాలి, ఆమె కొంగు తిరిగిన మేర రోడ్డును చూసుకుంటూ నడిపాను. దారిలో శిడ్లఘట్ట ఇంకా రాకముందే, ఆ చారల మధ్య నల్లగా ఏదో కదిలింది. బ్రేకు తొక్కాను. పాలక్యాను కట్టిన సైకిల్ తోసుకుంటూ పోతున్న మనిషి. బంపరుకీ ఆయన మోకాలికీ మధ్య జానెడు లేదు. కళ్లు తుడుచుకుని బండి నడపమని కన్నడంలో చెప్పి వెళ్లిపోయాడు. తుడవాల్సింది కళ్లు కాదని నేనెవరితో చెప్పుకోను.

బండి పక్కకు తీసి ఆపాను. మా అత్త వెనక్కి తిరిగి తట్టలు జరిగాయేమోనని చూస్తోంది. అది చూసేసరికి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"అత్తా, పురుగులు ముఖ్యమా, మనం ముఖ్యమా?" అన్నాను.

ఆమె గోనెపట్టా సర్ది, ముందుకు తిరిగి కూర్చుంది.

"మనం సస్తే ఊరంతా వస్తాదమ్మా. పురుగు సస్తే ఎవరొస్తారు? నేనొక్కదాన్నే గుంత తవ్వుకోవాల."

ఆ గుంత నాకూ గుర్తే. అలాగని కోపం పోయిందా అంటే పోలేదు. ఎండ వచ్చి అద్దం వెచ్చబడేదాకా బండి తీసేది లేదని చెప్పాను. ఆమె సరేనంది. రోడ్డు పక్కన, అన్ని అద్దాలూ బిగించిన డబ్బాలో, తడి గోనె వాసనలో, ఇద్దరం కూర్చున్నాం. బయట అవతలి తోటలో ట్రాక్టరు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మందు కొడుతున్నారో, దున్నుతున్నారో, ఆ తెల్లటి అద్దంలోంచి తెలియలేదు. ఎండ పడ్డాక అద్దం పైనుంచి కిందికి మెల్లగా తేటబడింది. ఇల్లు చేరి, తట్టలు దించి, స్కూలుకు పోయేసరికి మధ్యాహ్నం మొదటి పీరియడ్ కూడా సగం అయిపోయింది. హెడ్‌మేష్ట్రు గడియారం చూసి ఊరుకున్నారు. తిట్టినా బాగుండేది.

ఆ పంట బతికింది. పురుగులు నాలుగో జ్వరం దాటి, రాత్రంతా వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ ఆకు తిన్నాయి. ఒళ్లు పండి, చంద్రికలనే వెదురు తడికెలెక్కి పట్టుగూళ్లు కట్టాయి. మా అత్త రోజూ గూడు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది. లోపల గలగలలాడితే గూడు బాగా ఆరినట్టు, ఆమె మొహం విప్పారేది.

గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్టుకు తీసుకెళ్లేది మళ్లీ నా కారే, మళ్లీ అదే మంచు. ఈసారి నాకు దిగులు లేదు. గూడు కట్టేశాక పురుగుకు బయటి వాసనతో భయం లేదు, ఆ సంగతి నాకు నేర్పింది మా అత్తే. బండి తీయగానే మూడు గీతల బొత్తాం నొక్కాను. గాలి అద్దం మీదికి కొట్టింది. ఊరు దాటేదాకా రోడ్డు చక్కగా కనపడింది. ఇన్నాళ్లకు నా కారు నేను నడుపుతున్నాననిపించింది.

మలుపు తిరగ్గానే ద్రాక్షతోట. ట్రాక్టరు వెనకనుంచి తెల్లటి మందు తుంపర లేస్తోంది. ఘాటు గుప్పున లోపలికి వచ్చింది. మా అత్త చేయి సాచి బొత్తాం నొక్కింది. నారింజ దీపం వెలిగింది.

నాకు మళ్లీ చిర్రెత్తింది. "గూళ్లకేం కాదు గదా అత్తా. ఇంకా ఎందుకు మూసేది?" అన్నాను.

"గూళ్లకేం కాదులే" అంది. చేయి ఇంకా బొత్తాం మీదే ఉంది. "నువ్వు పీలుస్తాండావు గదమ్మా."

అద్దం అంచుల నుంచి తెల్లబడడం మొదలైంది. ఆమె కొంగు చేతిలోకి తీసుకుంది. నేను వద్దనలేదు. బండి వేగం తగ్గించాను.