పోలికల సారూ, దారికడ్డం తాడూ

రెండు వేల సంవత్సరం దాటిన తొలి యేళ్లలో భద్రాచలం అడవి పల్లెల్లో ఒక పరిశోధకుడికి దుబాసీగా తిరిగాను. కోయ మాట నాకు తెలుగంత వచ్చు. ఆయనకు ఒకటే వచ్చు, పోల్చడం. ఇప్పసారా గుక్క మింగి ఏదో దేశపు ద్రాక్షసారాయి అనేవాడు. ముసలామె దగ్గితే, ఎక్కడో దీవిలో శోకగీతాలు ఇట్లాగే ఉంటాయనేవాడు. ఒకనాడు అద్దంలో తన మొహం ఏ ఖండం వాళ్లదో తేలక గడ్డం సగమే గీసుకుని వచ్చాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

విత్తనాల పండుగ వచ్చింది. మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి, పాడుతూ బండ్లు ఆపుతారు. చిల్లర ఇస్తేనే దారి. ఆ పూట అది వాళ్ల హక్కు. ఆ యేడు తాడు దగ్గర ఆగింది పోలీసు జీపు. దిగిన హెడ్ కానిస్టేబుల్ బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు.

"ఏందిది, దారిదోపిడా? ఎక్కుండ్రి జీపు. ఠాణాకు పోదాం."

పాట ఆగిపోయింది. సాయంత్రానికి ఈ ఆడవాళ్లు ఊళ్లో లేకపోతే విత్తనాలకు పూజ లేదు. పూజ లేనిదే ఎవరూ గింజ చల్లరు. పైన చూస్తే మబ్బు పట్టి ఉంది.

మా సారు ముందుకొచ్చాడు. "ఇది నేరం కాదండీ. అధికారాన్ని కాసేపు తలకిందులు చేయడం. చాలా తెగల్లో ఇలాంటి తిరుగుబాటు ఉంది."

"తిరుగుబాటా? ఈ అడవిల? ఎవరు నేర్పిన్రు వీళ్లకు?"

ఆ రోజుల్లో ఆ అడవిలో ఆ మాట ఎంత చేటో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. పుస్తకాలు తాగిన ఆయనకు తెలియలేదు. ఇక నేనే అందుకున్నాను.

"సార్, మీకు లగ్గమైందా?"

"అయితే ఏంది?"

"పిల్లను తీస్కొని ఇంటికొచ్చిననాడు మీ అక్కనో చెల్లెనో గడపకడ్డం నిలబడలే?"

"మా అక్క నిలబడ్డది. నీ బిడ్డను నా కొడుక్కిస్తనంటెనే రానిస్త అన్నది."

"అక్క మీద కేసు పెట్టిన్రా మరి?"

డ్రైవరు నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

"ఇయ్యాల ఈ రోడ్డే వాళ్ల గడప సార్. పోయినేడు ఇయ్యకుండ పోయిన లారీ, ఆ మలుపుకాడ తునికాకు లెక్క ముడుచుకున్నది. నా కండ్లతోటి చూసిన."

హెడ్ కానిస్టేబుల్ తన అక్కకు జడిశాడో, లారీ కథకు జడిశాడో, చిల్లర వేసి జీపెక్కాడు. జీపు పోయాక తాడు పట్టిన పెద్దామె నన్ను కోయలో అడిగింది, "ఏం చెప్పినవ్ తమ్మీ?"

చెప్పాను. ఆమె మూతి తిప్పింది. "వానికి నేను అక్కనా? గసొంటి తమ్ముడుంటె బయట మొహమెట్ల సూపియ్యాలె?"

ఆడవాళ్లు విరగబడి నవ్వి, తాడు మళ్లీ బిగించారు. ఈసారి దానికి అవతల మా సారు ఉన్నాడు.

"నేను పరిశీలకుణ్ణి, నాకిది వర్తించదని చెప్పవయ్యా" అన్నాడు.

ఆ మాటను నేను కోయలోకి మార్చలేదు. జేబులు తడుముకోవడం ఆయనకు ఏ భాషలోనైనా వచ్చు.