ఎర్ర గుడ్డ కట్టిన కార్టన్

మస్కట్ విమానాశ్రయంలో ఎర్ర గుడ్డ కట్టిన కార్టన్ కనిపిస్తే నేను ఇప్పటికీ పక్క లైనులోకి వెళ్లి నిలబడతాను. నలభై దగ్గరపడ్డాయి, ఆఫీసులో పదిమందికి పని చెప్పేదాన్ని, అట్టపెట్టెను చూసి మొహం తిప్పుకోవడమేమిటని మా ఆయన నవ్వుతాడు. ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుకోదగ్గ పని చేసి ఉంటే కదా చెప్పడానికి.

నేను పెరిగింది మస్కట్‌లోని హమ్రియా పేటలో. నాన్న ఒక దర్జీ దుకాణంలో ఒమనీలు తొడుక్కునే పొడుగు డిష్‌డాషాలకు గుడ్డ కత్తిరించేవాడు. యజమాని దయతలచి ఫ్యామిలీ వీసా ఇప్పించాడు కాబట్టి మా వీధిలో పెళ్లాం పిల్లలతో కాపురమున్న తెలుగిల్లు మాదొక్కటే. మిగతావన్నీ ఎనిమిదేసి మంది మగవాళ్లు సర్దుకుని పడుకునే రూములు. శుక్రవారం వచ్చిందంటే మా గడప ముందు చెప్పుల గుట్ట. అమ్మ పెద్ద గిన్నెలో పచ్చిపులుసు కలిపేది, వాళ్లు గోడకు ఆనుకుని కూర్చుని జగిత్యాల కబుర్లు చెప్పుకుంటూ తినేవాళ్లు. అబద్ధమెందుకు, ఆ శుక్రవారాలంటే నాకు ప్రాణం.

అందులో నాకో ఉద్యోగం కూడా ఉండేది. ఊరికి పోయే ప్రతివాడూ సామానంతా కార్టన్‌లో కుక్కి, తాడుతో బిగించి, నా దగ్గరికి తెచ్చేవాడు. నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, మండలం, జిల్లా ఇంగ్లీషులో నాలుగు పక్కలా రాయడం నా పని. నేను రాసిన పెట్టె తప్పిపోదని వాళ్లకో నమ్మకం. దాంతో నాకు తలకెక్కింది. కాలు మీద కాలేసుకుని కూర్చుని, స్పెల్లింగ్ చెప్పమని వాళ్లను సతాయించేదాన్ని. పాపం, వాళ్లకు స్పెల్లింగ్ వస్తే నా దగ్గరికెందుకు వస్తారు.

వాళ్లలో ఒకాయనను మామా అని పిలిచేదాన్ని. అమ్మ ఊరివాడు, వరసకు తమ్ముడు. దూరాన సోహార్‌లో షట్టరింగ్ పని, స్లాబులకు చెక్కలు బిగించడం. నెలకో శుక్రవారం కంపెనీ బస్సు పట్టుకుని వచ్చేవాడు. చదువు రాదు. ఊరికి పోయే ముందు రెండేళ్లపాటు ఒక్కో వస్తువూ కొని మా ఇంట్లో నా మంచం కింద దాచుకున్నాడు. దుప్పటి, పాలపొడి డబ్బాలు, తల్లి మోకాళ్లకు తైలం, కూతురికి స్కూలు బ్యాగు. ఆ పిల్లది నా ఈడే. నా బ్యాగు ఫొటోలో చూసి అచ్చం అసొంటిదే కావాలని ఏడ్చిందట. రూవీ బజారంతా తిరిగి దాన్ని వెతికి పట్టింది నేనే. నీలం రంగుది, ముందు రెండు జేబులది.

పెట్టె కట్టిన రోజు మూత మీద నన్ను కూర్చోబెట్టి తాడు బిగించాడు. తీరా రాయబోతే మార్కర్ ఎండిపోయింది.

"ఏం గాదు బిడ్డా. వచ్చే శుక్రవారం ఎయిర్‌పోర్టుకు పోయేటప్పుడు వస్త. కొత్తది నేనే కొనుక్కొస్త, నువ్వు రాసియ్యి," అన్నాడు. పెట్టెను పక్క సందులో దోస్తు రూముకు మోసుకుపోయాడు. సరే మామా అన్నాను.

ఆ వారంలోనే నా తరగతి అమ్మాయి మా ఇంటికి వస్తానంది. డాక్టరు గారి కూతురు, విశాఖ వాళ్లు. ఇద్దరం కలిసి బహ్లా కోట మీద చార్టు చేయాలి. మా నాన్నకు సొంత దుకాణముందని ఆ పిల్లకు అప్పటికే కోతలు కోసి పెట్టాను. ఆ శుక్రవారం ఈద్ పండుగ ముందు రద్దీకి అమ్మ కూడా గుండీలు కుట్టడానికి దుకాణానికి పోయింది, ఇంట్లో భోజనాల్లేవు. నేను దారపు ఉండలన్నీ మంచం కిందికి తోసి, గోడ మీది దేవుడి క్యాలెండరు సర్ది, ఆ పిల్ల రాగానే గ్లాసుల్లో జ్యూసు పోసి, దొరసానిలా కూర్చున్నాను.

మధ్యాహ్నం మూడింటికి తలుపు చప్పుడైంది. నేను లేచి తలుపు సందులోంచి చూశాను. మామ. భుజం మీద కార్టన్, చంకలు తడిసిన చొక్కా, కాళ్లకు సిమెంటు తెల్లగా పట్టిన చెప్పులు. చేతిలో కొత్త మార్కర్.

"బిడ్డా, నేనే. తలుపు తియ్యి. కింద బండి నిలబడ్డది."

"ఎవరే?" అంది ఆ పిల్ల.

"ఎవరో పాత సామాన్లు కొనేవాడు," అన్నాను. తెలుగులోనే అన్నాను. ఆ తలుపు పలచటి చెక్క, లోపల దగ్గినా ఆవలికి వినపడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నానా అంటే, ఏమో, ఇన్నేళ్లయినా ఆ ఒక్క ప్రశ్నకు నేను నిజం చెప్పుకోలేకపోతున్నాను.

ఆయన మళ్లీ తట్టలేదు. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు మెల్లగా దిగిపోయింది. వెనకాలే పరిగెత్తి పిలవచ్చు. పిలవలేదు. పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాను, సిగ్గులేని మొహం.

ఇంకో అరగంటకు ఆ పిల్ల చెత్త కాగితాలు పారేయడానికి తలుపు తీసి, గడప దగ్గరి నుంచి మార్కర్ తీసుకొచ్చింది. "పాత సామాన్లవాడు పడేసుకున్నాడే, ఇంకా కవరు కూడా చింపలేదు," అంది. చార్టు మీద పెద్దక్షరాలు దాంతోనే రాశాను. స్కూల్లో మొదటి బహుమతి వచ్చింది.

పది రోజులకు ఊరి నుంచి మామ ఫోన్ చేశాడు. రాయడం రానివాళ్లు గుర్తుకు పెట్టెకు ఎర్ర గుడ్డ పీలిక కట్టుకుంటారు. మామ కూడా బండిలో కూర్చుని అదే కట్టుకున్నాడు. హైదరాబాద్‌లో దిగితే, ఎర్ర గుడ్డ కట్టిన కార్టన్లు వరసగా వచ్చాయట. ఒకటి తీసుకుని ఇంటికి పోయి విప్పితే ఎవరివో పాత ప్యాంట్లు, ఒక ఇస్త్రీ పెట్టె. ఆయనది ఎవరు పట్టుకుపోయారో తెలియలేదు. కూతురు రెండు రోజులు అన్నం తినలేదట.

"మా పిల్లతో రాయించుకోలేదా?" అని నాన్న కోప్పడ్డాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఇప్పుడు చెప్పేస్తాడు, నాన్న చెంప పగలగొడతాడు, పగిలితే పగిలింది అనుకున్నాను.

"నాదే తప్పు బావా. లేటైందని అటు రాలే, సీదా పోయిన," అన్నాడు మామ. "ఏది, బిడ్డకియ్యి ఫోను."

నాన్న స్పీకర్ తీసేసి నా చేతికిచ్చాడు. చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మంచిగ సదువుతున్నవా బిడ్డా?"

"ఆఁ మామా."

ఆయన గొంతు తగ్గించాడు. "గడప కాడ మార్కర్ పెట్టిన. దొరికిందా?"

"దొరికింది."

"మంచిగ రాస్తదా?"

నాన్న నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. రాస్తుంది మామా, అన్నాను.