పెద్దాయన లాగిన్

జనన ధ్రువపత్రాల ఆఫీసులో ఆమెను అందరూ చెల్లెమ్మ అనే పిలుస్తారు. ఆఫీసరూ అంతే. ఆమె అసలు పేరు అక్కడ మనుషులకే కాదు, కంప్యూటర్‌కి కూడా తెలియదు.

చేరిన రోజు ఆమెకు కుర్చీ ఇచ్చారు, ఫ్యాను ఇచ్చారు, లాగిన్ మాత్రం ఇవ్వలేదు. "వస్తుందిలే" అన్నారు. అప్పటి హెడ్ క్లర్కు పెద్దాయన తన పాస్‌వర్డ్ చెవిలో వేసి, "నా పేరుతో దూరిపో అమ్మా, పని ఆగకూడదు" అన్నాడు. పని ఆగలేదు. ఆయన రిటైరయ్యాడు, ఆయన లాగిన్ మాత్రం కాలేదు. ఊళ్లో ఏ బిడ్డ పుట్టినా కాగితం అడుగున 'జారీ చేసినవారు' అన్నచోట ఆయన పేరే. ఆయన ఇంట్లో గులాబీలకు నీళ్లు పోసుకుంటుంటే ఇక్కడ ఆయన పేరు గొడ్డు చాకిరీ చేస్తోంది.

చెల్లెలికి కూతురు పుట్టేదాకా చెల్లెమ్మ ఇదేమీ పట్టించుకోలేదు. ఆ పాప కాగితం కింద మాత్రం తన పేరే ఉండాలని, సొంత లాగిన్‌కి అర్జీ పెట్టి, పట్టుబట్టి కూర్చుంది. దరఖాస్తు ముందుకు కదపదు. చెల్లెలు ఫోన్లో ఒకటే పోరు.

"అక్కా, నువ్వక్కడ ఉద్యోగం చేస్తున్నావా, ఫ్యాను గాలికి వెళ్తున్నావా? మా అత్తగారు నవ్వుతోందే!"

"ఇంకొంచెం ఓపిక పట్టవే తల్లీ."

ఇంతలో పై ఆఫీసు ఆ ఏటి ఉత్తమ ఉద్యోగిని ప్రకటించింది. కంప్యూటర్‌లో ఎవరి పేరు మీద ఎక్కువ పని జరిగిందో చూసి ఎంచారు. పెద్దాయన! ఆఫీసర్ చేతిలో టీ ఒలికిపోయింది.

"ఆయన ఎప్పుడో రిటైరయ్యాడు కదమ్మా! ఈ పనంతా ఎవరు చేశారు?"

"నేనే సార్. లాగిన్ వస్తుందిలే అన్నారుగా, ఇంకా వస్తూనే ఉంది."

ఆఫీసర్ తల పట్టుకున్నాడు. ఒకరి పేరుతో ఇంకొకరు పనిచేస్తే రేపు ఏ కాగితానికి ఎవరు జవాబు చెప్పాలి? పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఆ లాగిన్ సాయంత్రంలోగా మూసేయమన్నారు. చిక్కేమిటంటే, ఆ ఆఫీసులో కొత్త లాగిన్‌కి అనుమతి ఇచ్చే అధికారం ఉన్నది ఆ ఒక్క ఖాతాకే. అది ముందే మూస్తే చెల్లెమ్మ అర్జీ మళ్లీ మొదటికొస్తుంది.

"ఇన్నాళ్లూ నీ చేతిలోనే ఉందిగా, నువ్వే నొక్కేసుకోవాల్సింది!"

"నాకు నేనే అనుమతిచ్చుకుంటే అది దొంగతనం సార్."

ఆఫీసర్ మళ్లీ ఫోన్ చేసి, తన కళ్లెదుటే జరిపిస్తానని ఒప్పించి, పెద్దాయనకు కబురంపాడు. ఆయన పతకం కోసమే అనుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యను వెంటబెట్టుకుని వచ్చేశాడు. సంగతి చెప్తే పగలబడి నవ్వి కుర్చీలో కూర్చున్నాడు. వేలు గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మాయ్, నా పాస్‌వర్డ్ ఏమిటే?"

చెల్లెమ్మ నీళ్లు నమిలింది. "అందరి ముందూనా బాబాయ్?"

"ఎలాగూ మూసేసేదేగా, చెప్పు!"

"కోపిష్టి."

పెద్దాయన భార్య చేతి సంచీ బల్ల మీద పెట్టింది. "ఎవరండీ ఆ కోపిష్టి?"

"పాస్‌వర్డేనే! కష్టంగా ఉండాలన్నారని..."

ఆఫీసంతా గొల్లుమంది. ఆవిడ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. పెద్దాయన చెల్లెమ్మ అర్జీ పైనుంచి కిందిదాకా చదివి, 'అనుమతించాను' నొక్కాడు. తర్వాత తన లాగిన్ తనే మూసేసి, ఒళ్లు విరుచుకున్నాడు. "హమ్మయ్య, ఇవాళ్టికి రిటైరయ్యాను. మరి నా పతకం?"

"నోరు మూసుకుని ఆ పిల్లకిప్పించండి," అంది భార్య.

చెల్లెమ్మ తన సొంత లాగిన్‌తో లోపలికెళ్లి, ముందుగా చెల్లెలి కూతురి కాగితం తీసింది. ప్రింటర్ లోంచి అది బయటికి రాగానే ఆఫీసర్ లాక్కుని అడుగున పేరు చదివాడు.

"ఇంత చక్కటి పేరు పెట్టుకుని ఇన్నాళ్లూ దాచావేమ్మా?"

"దాచలేదు సార్," అంది చెల్లెమ్మ, కాగితం వెనక్కి లాక్కుంటూ. "మీరే అడగలేదు."