నాది కాని వాషింగ్ మెషీన్

నా హక్కుల కోసం నేనే పోరాడి, నన్ను నేనే ఓడించుకున్న వైనం ఇది. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా స్టాఫ్ రూమ్ వాళ్ళు ఎలాగూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను చోడవరం హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. గోవాడ వెళ్ళే దారిలో ఒక చిన్న ఇల్లు బేరం కుదిరింది. రెండు నెలల్లో డబ్బు చేతికి రాకపోతే వేరేవాళ్ళకి అమ్ముకుంటానని ఇంటాయన ముందే చెప్పేశాడు. లోను కోసం బ్యాంకుకి వెళ్ళాను. అక్కడి మేనేజరు స్వాతి ఒకప్పుడు నా క్లాసులో రెండో బెంచీలో కూర్చున్న పిల్లే. ఆ అమ్మాయి కంప్యూటర్ వంక చూసి, నా వంక చూసి, మళ్ళీ కంప్యూటర్ వంకే చూసింది.

"మేస్టారూ, మీ పేరు మీద పాత లోను ఒకటి బాకీ ఉన్నట్టు క్రెడిట్ రిపోర్టులో వస్తంది. వాషింగ్ మెషీన్‌ది."

మా ఇంట్లో బట్టలు ఉతికేది మా ఆవిడ సత్యవతీ, నేనూ, ఒక బండరాయీ. ఆ మాటే చెప్పాను. స్వాతి ఓపిగ్గా వివరించింది. ఏడాదికోసారి మన రిపోర్టు ఉచితంగా తెప్పించుకోవచ్చట. మనది మనం చూసుకుంటే క్రెడిట్ స్కోరు తగ్గదట. తప్పుందని ఫిర్యాదు చేస్తే ముప్ఫై రోజుల్లో తేల్చాలట, అది మన హక్కట. ముందు నెమ్మదిగా చదివి, ఏది తప్పో చూసుకుని అప్పుడు రాయమని కూడా చెప్పిందట. ఆ చివరి ముక్క నాకు వినపడలేదు. 'హక్కు' అన్న దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. ఏటేటా పిల్లలకి హక్కుల పాఠం చెప్పేవాడికి స్వయంగా ఒక హక్కు దొరికితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

రిపోర్టు వచ్చింది. పేరు నాదే. పుట్టిన తేదీ, పాన్ నంబరు, ఆఖరికి డోర్ నంబరు కూడా నావే. బుద్ధున్నవాడెవడైనా అక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేను మాత్రం, నా పేరు మీద లోను తీసుకున్న దొంగ ఎంత పకడ్బందీగా పనిచేశాడో అని మెచ్చుకున్నాను. ఫిర్యాదులో రెండు దారులున్నాయి: 'లోను నాదే, వివరాలు తప్పు' అనీ, 'ఈ లోను నాది కాదు' అనీ. రెండోది నొక్కి, ఒక పౌరుడి గుండెకోతని రెండు పేజీల్లో రాసి పంపాను. మర్నాటి నుంచి స్టాఫ్ రూమ్‌లో రోజూ నా ఉపన్యాసమే. అది విని లెక్కల మేస్టారు ఆధార్ కార్డుని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.

ఇరవై ఏడో రోజున జవాబొచ్చింది. దాంతో పాటు నా సంతకంతో దరఖాస్తూ, ఒక ఫోటో. ఫోటోలో ఒక షాపు, షాపులో ఒక వాషింగ్ మెషీన్, దాని మీద చెయ్యేసి కొత్త పెళ్ళికొడుకులా నవ్వుతూ నేను. పక్కన వడ్డాది నుంచి వచ్చిన మా అత్తగారు, చేతికి కట్టుతో.

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ళ క్రితం ఆవిడ మణికట్టు విరిగితే వాయిదాల మీద కొనిచ్చాం. షాపతను వేలు పెట్టిన చోటల్లా, టీవీలో క్రికెట్ చూస్తూ, సంతకాలు పెట్టాను.

బ్యాంకుకి పరుగెత్తాను. "మీరు కాదన్నారు మేస్టారూ, మీదేనని లోనిచ్చిన కంపెనీవాళ్ళు రుజువు సేసీసేరు" అంది స్వాతి. మరి వాయిదాలన్నీ కట్టానా లేదా అని అడిగాను. నేను మొదటే అడగవలసిన ప్రశ్న అదేనట.

ఇంటికెళ్ళి సత్యవతికి ఫోటో చూపించాను. వాళ్ళమ్మ ముఖం సగమే పడిందని ముందు నొచ్చుకుని, తర్వాత బీరువాలోంచి ఒక కాగితం తీసింది. బాకీ మొత్తం తీరిపోయిందని ఆ కంపెనీవాళ్ళే ముద్రేసి ఇచ్చిన ఉత్తరం. తీరిన లోనుని రిపోర్టులో తీరినట్టు రాయించడం వాళ్ళు మరిచిపోయారు. ఉన్న తప్పల్లా అదొక్కటే. నేను దాన్ని వదిలేసి, నిజంతో నెలరోజులు యుద్ధం చేశాను.

"నన్నొక్క మాటడిగితే సెప్పీదాన్ని కదండీ" అంది.

ఈసారి మొదటి దారి నొక్కి, ఉత్తరం జతచేసి పంపాను. రెండు వారాల్లో రిపోర్టు సరైంది. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా లోను వచ్చి, ఇల్లు మాదైంది.

గృహప్రవేశానికి వచ్చిన మా అత్తగారు నన్ను పక్కకి పిలిచారు.

"బాబూ, మిషన్ మీది కాదని రాసిచ్చేసేరంట కదా. మంచిదే. అయితే ఈసారి వడ్డాది వచ్చినప్పుడు మీ బట్టలు మీరే ఉతుక్కోండి."

కాబట్టి, ఇల్లు కట్టిన ఇటుకల సాక్షిగా శపథం చేస్తున్నాను: భూమ్మీద ఏ వస్తువునైనా 'నాది కాదు' అని రాసేముందు మా ఆవిడ అనుమతి రాతపూర్వకంగా తీసుకుంటాను.