గోరు దిగని టైర్లు

కరోనా లాక్‌డౌన్లు ముగిసి బస్సులు మళ్లీ నిండుగా తిరిగిన మొదటి ఏడాది, జూన్ నెలలో మా యార్డుకు సూరత్ పక్కన ఫ్యాక్టరీలుండే హజీరాలో కొత్త డ్యూటీ వచ్చింది. ఒక బస్సుల కాంట్రాక్టరు దగ్గర నేను అప్పుడు టైర్ల స్టోర్ ఇన్‌చార్జిని. ఊడ్చే పనికి చేరి, పంక్చర్లు వేసేచోట సాయానికి నిలబడి, పద్దెనిమిదేళ్ల పని తర్వాత ఆ కుర్చీ ఎక్కాను. చదివింది మూడో తరగతి. టైరు కార్డు నింపడానికి ఆ చదువు చాలింది.

కొత్త డ్యూటీ ఏమిటంటే, పొద్దున షిఫ్టు కూలీలను సూరత్‌లోని బమ్రోలి నుంచి ఒక కట్టుబడి సైటుకు చేర్చడం. చివరి మూడు కిలోమీటర్లు తారు లేదు, పరిచిన కంకరే. వానాకాలం ముంగిట అలాంటి దారికి బస్సు పంపాలంటే చక్రాలు చూసి మార్చాలి. రిమ్ములు ఉక్కువే ఉండాలి. రాయి తగిలి వంగినా సుత్తితో సాపు చేయొచ్చు. మెరిసే అల్యూమినియం రిమ్ము పగిలితే తుక్కే. వెనక జంట చక్రాలకు లోతైన అడ్డగాట్ల టైర్లు వేస్తే బురదను పట్టి తోస్తాయి. జంట మధ్య ఇరుక్కున్న రాళ్లను తారు ఎక్కే ముందే డ్రైవరు దిగి ఊచతో పొడిచి తీయాలి. ముందు చక్రాలకు నిలువుగాట్ల టైర్లు. స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా బండిని అదుపులో ఉంచేవి అవే కాబట్టి, ఉన్నవాటిలో మంచివి ముందుకే వేయాలి.

వెనక వాటికి కొత్తవి తెప్పించాను. ముందు వాటికి మాత్రం నా దగ్గరే రెండు ఉన్నాయి. కరోనాకు ముందు ఒక దుకాణదారు పాత స్టాకని తగ్గించి ఇస్తానంటే, గీచి గీచి బేరమాడి కొనిపించినవి. రేకుల షెడ్డులో గోనెపట్టా కప్పి దాచాను. మధ్యలో ఇద్దరు డ్రైవర్లు అడిగినా ఇవ్వలేదు. మంచి వస్తువు చేతికి రాగానే వాడెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

ఆ బస్సు డ్రైవరు రాజన్న. జగిత్యాల వైపు మనిషి, పదకొండేళ్లుగా మా దగ్గరే. టైర్లు ఎక్కిస్తుంటే వచ్చి ముందు టైరుకు బొటనవేలి గోరు గుచ్చాడు.

“అక్కా, జర గిటు రా. గోరు దిగుతలేదు. గిది రబ్బరా, బండరాయా?”

“టైరంటె వెన్నముద్ద అనుకున్నవా? గాట్లు చూడు, ఎంత లోతున్నయో.”

“గాట్లు మంచిగనే ఉన్నయ్. దువ్వెన పండ్లు మంచిగున్నయని బోడిగుండుకు వెంట్రుకలు మొలుస్తయా?”

“ముచ్చట్లు బంజేసి బండి తియ్యి. బ్రేకు మీద కాలు సక్కగుంటె సాలు నీకు.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, అతనూ నవ్వాడు. మా సూపర్‌వైజరు మహేశ్ భాయ్ గుజరాతీ. నన్ను మాసీ, అంటే పిన్ని, అని పిలిచేవాడు; టైర్ల విషయంలో మాసీ మాటే ఖరారు అనేవాడు. కార్డులో గాటు లోతు పద్నాలుగు మిల్లీమీటర్లని రాసి సంతకం పెట్టాను.

పన్నెండో రోజు పొద్దున బాగా వాన. కంకర దాటి తారు ఎక్కిన తర్వాతి మలుపులో రాజన్న బ్రేకు తొక్కితే ముందు చక్రాలు పట్టు తప్పి, బస్సు జారి పక్క కాలువలోకి ఒరిగింది. ప్రాణాలు దక్కాయి. ఒక కూలీకి జబ్బ ఎముక విరిగింది.

బస్సును యార్డుకు లాక్కొచ్చాక ముందు టైరు మీద బురద గీకి చూశాను. గాట్ల అడుగున సన్నని పగుళ్లు, ఎండిన మడమకు పడ్డట్టు. టైరు పక్కన నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి: మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. ఆ సంగతి నాకు ఎప్పటి నుంచో తెలుసు. కొన్నప్పుడు చూడలేదు, ఎక్కించినప్పుడూ చూడలేదు. లెక్క వేస్తే వాటికి ఏడేళ్లు దాటాయి. రేకుల వేడికి రబ్బరు గట్టిపడి, తడి రోడ్డును పట్టడం మానేసింది.

ప్రమాదం జరిగిన మూడో రోజు సైటు సేఫ్టీ ఆఫీసరు విచారణకు వచ్చాడు. టైరు కార్డు అడిగాడు, ఇచ్చాను. లోతు చూసి తల ఊపాడు. కార్డులో తయారైన సంవత్సరానికి గడి లేదు. టైర్ల గురించి ఇంకేమైనా చెప్పాలా అని అడిగాడు. రాజన్న నా వైపే చూస్తున్నాడు. కార్డులో అంతా ఉందన్నాను. నా రిటైర్మెంటుకు ఏడు నెలలుంది. ఇన్నేళ్ల పేరు ఆ రెండు టైర్లతో పోతుందని భయపడ్డాను. అంతకంటే పెద్ద కారణం లేదు.

వేగంగా నడిపాడని రాసి రాజన్న హజీరా గేటు పాసు రద్దు చేశారు. మా బస్సులన్నీ హజీరాకే; ఆ పాసు లేని డ్రైవరుతో మా యార్డుకు పని లేదు. పోయే ముందు స్టోరు గుమ్మం దగ్గర ఆగాడు.

“అక్కా, నా మాట ఇనకపోతివి, పోనీ. ఆయన ముంగట నోరన్న ఇప్పకపోతివి.”

నేను టైరు కార్డుల కట్ట ముందుకు లాక్కున్నాను.

మూడు వారాలు గడిచాక మహేశ్ భాయ్‌కి అంతా చెప్పాను. “మాసీ, ఫైల్ బంద్ హో గయీ,” అన్నాడు. విచారణ రోజే చెప్పి ఉంటే రాజన్న కోసం కొట్లాడేవాడినన్నాడు. అయినా సైటువాళ్లకు ఒక ఉత్తరం రాశాడు. పాసు తిరిగి రాలేదు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏడు నెలలూ అదే కుర్చీలో కూర్చుని, దండ వేయించుకుని దిగాను.

రాజన్న నలభై ఎనిమిదేళ్ల వయసులో బమ్రోలిలో మరమగ్గాల షెడ్డులో సాంచ నడపడం నేర్చుకోవడానికి చేరాడు. కూరగాయల బజారులో కనిపిస్తే ఇప్పటికీ మంచిగున్నవా అక్కా అని అడుగుతాడు. నిలబడి మాట్లాడడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పేది ఇదే. గాటు లోతు ఒక్కటే చూసి టైరు ఎక్కించకండి. తయారైన ఏడాది చదవండి, గోరు గుచ్చండి, డ్రైవరు చెప్పింది వినండి. దాచిన టైరు తిరగకపోయినా ముసలిదవుతుంది. తప్పు జరిగితే, అడిగిన రోజునే చెప్పండి. నేను మూడు వారాలకు చెప్పిన నిజం నా మనసు బరువు దించుకోవడానికి పనికొచ్చింది గానీ, రాజన్నకు పనికిరాలేదు.