రెండుసార్లు వంగిన ఫోర్క్

ప్రసన్నకుమార్ ఎక్కడ నెమ్మదిస్తున్నాడో లింగస్వామికి తెలుసు. ఎందుకు నెమ్మదిస్తున్నాడో తెలియదు. ముప్పై ఏళ్లుగా బండ్ల జబ్బులు కనిపెట్టి బతుకుతున్న మనిషికి తిన్నది అరగకుండా చేయడానికి ఆ ఒక్క ‘ఎందుకు’ చాలు.

రేసింగ్ టీము అనగానే టీవీలో చూపించే ఏసీ బస్సులనూ, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న దొరలనూ ఊహించుకోవద్దు. ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి సాగర్ రోడ్డెక్కితే కొంచెం దూరంలో మూడు షట్టర్ల గ్యారేజీ ఒకటి ఉంటుంది. రెండు షట్టర్ల నిండా జనం స్కూటర్లు. మూడో షట్టర్ లోపల రేసు బండి. ఒకటే బండి, ఒకడే రైడరు, ప్రసన్న. ఏడాదికి నాలుగు రౌండ్ల పోటీ చెన్నై పక్కన ట్రాకు మీద జరుగుతుంది. బండిని డీసీఎం వ్యానులో తాళ్లతో కట్టుకుని పోతారు. టీముకు మేనేజరూ, మెకానికూ, అక్కడికి పోయాక అన్నం వండేవాడూ లింగస్వామే. గెలిచినప్పుడు తీసే ఫొటోలో మాత్రం ఉండడు. ఆ టైముకు ఎక్కడో స్పానర్లు ఏరుకుంటూ ఉంటాడు. లోకంలో చాలా ఫొటోలు అట్లాంటివే.

ఆయనది దేవరకొండ దిక్కు పల్లె. పదహారేళ్లప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మెకానిక్ దగ్గర పానాలు అందించే పనికి చేరాడు. చదువు ఏడుతో ఆగింది గానీ, విప్పి చూడాలనే బుద్ధి ఆగలేదు. ఒకసారి గిరాకీ బండి బాగు చేయడానికి చెన్నై రేసుకు పోయి, తిరిగొచ్చిన నెలకే సొంతంగా టీము పెట్టాడు. తాను మాత్రం ఒక్కసారి కూడా రేసు నడపలేదు. “నేను కూసుంటే బండి గాదు, ట్రాకు వంగుతది” అని తన నూట పది కిలోల మీద తానే జోకు వేసుకుంటాడు.

ప్రసన్న కంటే ముందు నలుగురు రైడర్లు ఆయన చేతుల మీదుగా పోయారు. ఓడినవాడిని ఆయన తిట్టడు, ఓదార్చడు. ఆ రోజుకు అన్నం పెట్టి ఊరుకుంటాడు. పడిపోతే మాత్రం ఒక పద్ధతి ఉంది. పడ్డవాడే బండి విప్పాలి. ఏది విరిగింది, ఏది వంగింది, తన కళ్లతో చూసి, తన చేత్తో తీసి బల్ల మీద పెట్టాలి. “చూడనిదానికి భయం పెద్దగుంటది. చూసినంక గది ఇనుప ముక్కనే” అంటాడు.

జూన్‌లో ప్రసన్న పడ్డాడు. మొదటి ముగ్గురిలో ఉండే కుర్రాడు, ట్రాకులో మలుపు లేకుండా సాగే స్ట్రెయిట్ చివర పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది. డాక్టరు సరే అన్నాడు. తిరిగి బండెక్కిన రౌండులో పద్నాలుగో స్థానం వచ్చింది.

టీముకు టైర్లూ, ఖర్చుకు డబ్బూ ఇచ్చే పట్టాభి దుకాణం దిల్‌సుఖ్‌నగర్‌లో. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆయన యాస చెక్కు చెదరలేదు. ఆఖరి రౌండుకు రైడరు పేరు శుక్రవారం లోపల ఆయనే రేసువాళ్లకు పంపాలి. మంగళవారం పొద్దున్నే ఆయన గ్యారేజీకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“చూడు లింగస్వామీ, ఆ కుర్రాడికి భయం పట్టుకుంది. పట్టుకున్నాక వదలదయ్యా. సరూర్‌నగర్ కుర్రాడున్నాడుగా, జితేందర్, వాణ్ణి ఎక్కించెయ్.”

“భయమైతే అంతట భయపడాలె గద సార్. మలుపులల్ల మోకాలు నేలకు రాకుతనే ఉన్నడు. గట్టిగ బ్రేకు పట్టే రెండు కాడ్లనే టైము పోతుంది.”

“పడింది అక్కడేగా మరి?”

“పడ్డది ఒక్క కాడ సార్. నెమ్మదైతున్నది రెండు కాడ్ల. రెండో కాడ వాడు ఎన్నడు పడలే.”

“ఏదైతే మనకెందుకయ్యా? నువ్వు మెకానికువా, పిచ్చి డాక్టరువా?”

“మెకానిక్‌నే. గందుకే అడుగుతున్న.”

పట్టాభి లేచాడు. “శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగుతా. ఆ తర్వాత జితేందరే. ఈ ఏడు బండి దిగినవాణ్ణి వచ్చే ఏడు ఎవరూ పిలవరు. అది నీకూ తెలుసు.”

తెలుసు. ప్రసన్నకూ తెలుసు. ఇరవై మూడేళ్లు, మీర్‌పేట్‌లో రెండు గదుల ఇల్లు, బైకుల షోరూములో పని. ఈ బండి తప్ప వాడికి వేరే నిచ్చెన లేదు.

బుధవారం లింగస్వామి వాణ్ణి ఇంటికి అన్నానికి పిలిచాడు. భార్య సైదమ్మ వడ్డిస్తూ కూపీ లాగింది.

“బొక్క నొస్తుందా?”

“లేదొదినా.”

“పిల్ల ఎవలన్న ఇడిసిపెట్టి పోయిందా?”

“వచ్చినోళ్లే లేరొదినా, పోయేటోళ్లు యాడికెల్లి వస్తరు!”

సైదమ్మ నవ్వింది. లింగస్వామికి నవ్వు రాలేదు. “బండి ఎట్లుందిరా?” అన్నాడు.

“మంచిగుందన్నా.”

జూన్‌కు ముందు ఇదే ప్రశ్న అడిగితే వీడు వేళ్లు మడిచి పది వంకలు చెప్పేవాడు. మంచిగుంది అనే రైడరును లింగస్వామి ఎన్నడూ నమ్మలేదు.

గురువారం పొద్దున తుర్కయంజాల్ అవతల ఉన్న కార్టింగ్ ట్రాకును గంటసేపు కిరాయికి తీసుకున్నారు. లింగస్వామి ఎప్పటిలా స్టాప్‌వాచ్ పట్టుకుని గీత దగ్గర నిలబడలేదు. స్ట్రెయిట్ చివర పేర్చిన పాత టైర్ల వెనక పోయి కూర్చున్నాడు. గడియారం ఎంత పోయిందో చెబుతుంది, ఎట్లా పోయిందో చెప్పదు.

మూడో ల్యాపులో కనబడింది. బ్రేకు పడితే బండి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కిందికి వంగాలి, ఒక్కసారి. ప్రసన్న బండి రెండుసార్లు వంగుతోంది. మలుపు ఇంకా దూరం ఉండగానే వేళ్లతో తట్టినట్టు ఒక చిన్న వంపు. లేచాక అసలు వంపు. నాలుగో ల్యాపులోనూ అంతే, అయిదులోనూ అంతే.

బ్రేకు లివర్ ఉందా లేదా అని తడిమి చూసుకుంటున్నాడు. మెట్టు ఉందో లేదో తెలియని చీకట్లో కాలు పెట్టినట్టు.

ఎందుకో లింగస్వామికి ఇప్పుడు తెలిసింది. నిజం చెప్పాలంటే జూన్ నుంచే తెలుసు. తెలియనట్టు ఉండడానికి మూడు నెలలు అన్నిటినీ వెతికాడు, ఇది తప్ప.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను తాగుతుంది. తేమ తాగిన ఆయిల్ రేసు వేడికి మరిగి బుడగలు కడుతుంది. బుడగలు కడితే లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బ్రేకు పడదు. గ్యారేజీలో చేరిన మొదటి నెలలో నేర్చుకునే పాఠమిది. అయినా జూన్ రౌండుకు ముందు, నెల కిందట మూత తీసి సగం వాడిన డబ్బా బల్ల మీద కనబడితే పారబోయడానికి ఆయనకు చేతులు రాలేదు, దాన్నే రేసు బండికి పోసేశాడు. పారబోయకపోవడం స్కూటర్ల దగ్గర నేర్చిన బుద్ధి. స్కూటరుకు అది సరిపోతుంది కూడా.

ప్రసన్న దవాఖానలో ఉండగానే లింగస్వామి తన పద్ధతి తానే తప్పి బండి విప్పాడు. బ్రేకు గొట్టంలోంచి బుడగలు వచ్చాయి. అంతా కడిగి, కొత్త ఆయిల్ పోసి బిగించేశాడు. “చెయ్యికి కట్టున్న పోరనితోని విప్పిస్తమా” అంటే, ఎంత మంచి మనసు అన్నారు జనం. ఆయన కూడా కొంత నమ్మాడు. మంచం మీద ప్రసన్న అడిగాడు కూడా, “అన్నా, లివర్ అందలేదు గదనే?” అని. “గా స్పీడ్ల గట్లనే అనిపిస్తది తియ్” అన్నాడు లింగస్వామి. ఆ ఒక్క మాటతో బండి మీది తప్పు పిల్లవాడి వేళ్ల మీదికి పోయింది.

ప్రసన్న బండి ఆపి హెల్మెట్ తీశాడు. లింగస్వామి డీసీఎం నీడకు పిలిచాడు.

“బ్రేకు రెండుసార్లు ఎందుకు పడ్తున్నవ్?”

ప్రసన్న చూపు తిప్పుకున్నాడు. “అలవాటైంది అన్నా. పోగొట్టుకుంట. జర టైమియ్యి.”

“జూన్ల లివర్ అందలే అన్నవ్. నిజమే, అందలే. పాత ఆయిల్ పోసిన. బండి విప్పితే బుడగలొచ్చినయ్. తప్పు నీ వేళ్లది గాదు, నా చేతిది.”

ప్రసన్న హెల్మెట్ పట్టీ పట్టుకుని లాగాడు.

“మూడు నెలలన్నా. రోజు గోడకు చెయ్యి పెట్టి ఏళ్లు ముడుస్తున్న, తెరుస్తున్న. నరాల డాక్టర్‌కు సుత చూపెట్టిన. అంత మంచిగనే ఉంది, ఏంది పరేషాన్ అన్నడు. నువ్వేమో అన్నం తినిపిచ్చి బొక్క నొస్తుందా అని అడిగిపిచ్చినవ్.”

“ఇయ్యాల గూడ చెప్పకపోదును” అన్నాడు లింగస్వామి. “గా ఫోర్క్ కండ్ల పడకుంటె.”

ఆ నిజం మొదటిదానికంటే గట్టిగా తగిలింది. ప్రసన్న హెల్మెట్ చంకన పెట్టుకుని రోడ్డు మీదికి నడిచి బస్సెక్కిపోయాడు.

శుక్రవారం పదకొండింటికి లింగస్వామి పట్టాభి దుకాణానికి పోయి అంతా చెప్పాడు. పట్టాభి నోరు తెరిచి విన్నాడు.

“అంటే మార్చాల్సింది రైడర్ని కాదు, నిన్నన్నమాట!”

“మీ ఇష్టం సార్. పేరు మాత్రం ప్రసన్నదే పంపుండ్రి.”

“వాడొస్తాడని ఏంటి నమ్మకం?”

నమ్మకమేమీ లేదు. అప్పుడే ప్రసన్న వచ్చాడు, షోరూము చొక్కాతోనే. లింగస్వామి వైపు చూడకుండా పట్టాభితో మాట్లాడాడు.

“నేను పోత సార్. కాని ఆయన రావద్దు. ట్రాకు కాడ కోయంబత్తూరు మెకానిక్ ఒకాయన తెలుసు, ఆయననే చూస్కుంటడు. మన బండికి ఇంగ ఈయన చెయ్యి తగలొద్దు.”

పట్టాభి లింగస్వామిని చూశాడు. తన బండి మీద తన తర్వాత ఇంకొకరు పానా వేయడం ఈ మనిషి ఎన్నడూ ఒప్పుకోలేదని ఆయనకు తెలుసు.

“సరే” అన్నాడు లింగస్వామి. “ముందర టైరుకు గాలి పొద్దుగాల ఒకసారి, రేసు ముంగట ఒకసారి చూడుమను.”

“ఆయనకు తెల్వదా?” అన్నాడు ప్రసన్న.

రేసు మరుసటి వారం ఆదివారం. సైదమ్మ పక్కన కూర్చుని లింగస్వామి ఫోనులో ప్రసన్న స్థానం మారడం చూశాడు. పదకొండు, తొమ్మిది, ఎనిమిది. చివరకు ఆరు. ల్యాపు టైములు దిగుతున్నాయి. ఎట్లా దిగుతున్నాయో ఫోను చూపించదు. ఆ చూపించనిదాని కోసం ఆయన ఆ తెరను దగ్గరికీ దూరానికీ పెట్టుకుని చూశాడు.

“ఫోన్ జెయ్యరాదు?” అంది సైదమ్మ.

“నాకేం హక్కుందే?” అన్నాడు.

మంగళవారం డీసీఎం వచ్చింది. ప్రసన్న బండి దింపి మూడో షట్టర్ లోపల పెట్టి, తాళ్లు చుట్టుకుంటున్నాడు. లింగస్వామి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, బండికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. ఎంత ఆపుకున్నా నోరు ఆగలేదు.

“ఒక్కసారా, రెండుసార్లా?”

ప్రసన్న తాళ్లు డీసీఎంలోకి విసిరాడు.

“కొత్త సీజన్ల వచ్చి సూస్కో” అన్నాడు.