గోడ అవతలి ఆకులు

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా ఆఫీసుకీ, మా ఆవిడకీ, వసంత్ కుంజ్‌లో మా వీధి మొత్తానికీ తెలుసు. పక్కింటి పెద్దాయనకి ఇంకాస్త బాగా తెలుసు.

మాది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. వెనక చిన్న పెరడు, నడుమెత్తు గోడ, గోడకి అవతల ఆయన పెరడు. ఇటు ఒక వేపచెట్టు, అటు రెండు. హోలీ వెళ్ళగానే మూడూ కూడబలుక్కున్నట్టు ఆకు రాలుస్తాయి. చెత్తబండివాడు ఆకులు ఎక్కించుకోడు. కాల్చకూడదని రూలు. ఆయన రోజూ పొద్దున్నే కాల్చేవాడు.

మా అమ్మాయికి ఉబ్బసం. పదో తరగతి పిల్ల. ఆ పొగ కిటికీలోంచి రాగానే మంచం పట్టె పట్టుకుని వంగిపోయేది. మెడ నరాలు తేలేవి. పెదాలు రంగు మారేవి. పక్కన నిలబడి చూడడం తప్ప ఏమీ చేయలేని తండ్రికి ఎవరినో ఒకరిని చంపాలనిపిస్తుంది. నాకు ఎవరినో కాదు, ఆయన్నే చంపాలనిపించేది.

ఒకరోజు బకెట్టు నీళ్ళు తీసుకెళ్ళి గోడ మీదుగా ఆ మంట మీద కుమ్మరించాను. బూడిదనీళ్ళు చింది ఆయన తెల్ల కుర్తా పాడైంది. ఆయన సగం ఇటుక తీసి విసిరాడు. అది నా చెవి పక్కనుంచి పోయి మా వంటింటి అద్దం పగలగొట్టింది. నేను తెలుగులో తిట్టాను, ఆయన పంజాబీలో తిట్టాడు. ఒకరి తిట్లు ఒకరికి అర్థం కాలేదు కాబట్టే ఆ రోజు అంతటితో ఆగింది. చివర్లో మాత్రం హిందీలో అరిచాడు.

"తో క్యా కరూ? ఖా లూ ఇన్‌కో?"

ఏం చేయమంటావు, తినమంటావా ఈ ఆకుల్ని, అని. ఒక్కడే ఉంటాడు. నడుం వంగదు. ఆ మాట విన్నాక కూడా నా కోపం తగ్గలేదు గానీ, ఆకులకి ఏదైనా మిషను ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాను.

ఆ శనివారం అమ్మాయిని తీసుకుని మునిర్కా దాటాక ఉన్న తోట సామాన్ల దుకాణానికి వెళ్ళాను. బ్లోయర్ కావాలంటే దుకాణదారు పకపకా నవ్వాడు. ఢిల్లీలో బ్లోయర్ అంటే చలికాలం గదిలో పెట్టుకునే హీటరట. ఆకులు ఊదేది అని చేతులు ఊపి చెప్పాక మూడు రకాలు తెచ్చి ముందు పెట్టాడు. పెట్రోలుది, బ్యాటరీది, కరెంటు తీగది.

పెట్రోలుది తాడు లాగి స్టార్ట్ చేశాడు. ఆహా! ఫుట్‌పాత్ మీది దుమ్మూ ధూళీ, చిత్తు కాగితాలూ, చివరికి ఒక చెప్పు కూడా ఎగిరిపోయాయి. దాని మూతి గోడ అవతలికి పెట్టి మీట నొక్కితే పెద్దాయన కళ్ళలో, నోట్లో, ముక్కులో మూడు చెట్ల ఆకులూ ఎలా కూరుకుపోతాయో నాకు కళ్ళకు కట్టింది. ఇదే ఇవ్వమన్నాను.

"పాపా, ఇస్మే భీ ధువా హై," అంది అమ్మాయి. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని అప్పటికే రోడ్డు అవతలికి పోయింది. నాన్నా, దీనికీ పొగ ఉంది, అని.

నిజమే. బ్యాటరీది కాసేపటికే ఆగిపోతుందన్నాడు. తీగది చప్పుడు తక్కువ. పైగా ఊదడమే కాదు, తిప్పిపెడితే ఆకుల్ని లోపలికి పీల్చి, పొడి చేసి, సంచిలో నింపుతుంది. మనసు చంపుకుని అదే తీసుకున్నాను. తీగ ఎంత పొడవు కావాలని అడిగాడు. మా పెరడుకి సరిపోయేంత చెప్పబోయి, రెట్టింపు చెప్పాను. గోడ అవతలి ఆకులు కూడా నేనే ఎత్తేస్తే ఇక కాల్చడానికి ఆయనకేం మిగలదు కదా. ఇలాంటి బుద్ధి నాకు ఏడాదికోసారి కూడా పుట్టదు.

మర్నాడు పొద్దున్నే మిషను భుజాన తగిలించుకుని, పొడుగాటి గొట్టం చేత్తో పట్టుకుని గోడ దాటాను. ఆయన ఊతకర్రతో ఆకుల్ని కుప్ప చేస్తున్నాడు. జేబులో అగ్గిపెట్టె. నేను నవ్వుతూ దగ్గరికి వెళ్ళి, రాత్రంతా మనసులో కూర్చుకున్న మాట అన్నాను.

"అంకుల్‌జీ, ఆజ్ సే ఆప్‌కా పత్తా మై సాఫ్ కరూంగా."

ఆయన మొహం పాలిపోయింది. మరుక్షణం ఊతకర్ర నా నుదుటి మీద పడింది. రెండోది భుజం మీద. కళ్ళలోకి నెత్తురు కారింది. సాయం చేస్తానని వచ్చినవాణ్ణి కొడతాడా అని ఒళ్ళు తెలియలేదు. గొట్టంతో ఆయన మూతి మీద బలంగా కొట్టాను. పెద్దాయన ఆకుల కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు. గుండెల మీద కూర్చుని గొంతు పట్టుకున్నాను. నా వేళ్ళ కింద ఆయన ఊపిరి గిలగిల్లాడింది. హాయిగా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ హాయిగానే అనిపించింది.

వీపు మీద పిడిగుద్దులు పడ్డాయి. మా అమ్మాయి, ఆయన్ని వదలమని అరుస్తోంది.

"ఛోడో! పాపా, ఛోడో ఉన్‌కో! పత్తే బోల్‌నా థా, పత్తా నహీ! మీరు చంపేస్తాననే అన్నారు!"

ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉన్నా ఏకవచనం, బహువచనం నా హిందీకి పట్టలేదు. ఆకులు శుభ్రం చేస్తానన్నానని నేననుకున్నాను. పత్తే అంటే ఆకులే గానీ, పత్తా సాఫ్ చేయడమంటే మనిషిని లేపేయడమట; నీ అడ్డు తొలగిస్తాను, నీ పని ఖతం, అని ఆయన విన్నాడు. పెద్దాయన నోట్లోంచి ఊడిన పన్ను ఉమ్మి, మిషను వైపూ సంచి వైపూ చూసి, "పత్తే?" అన్నాడు. నవ్వొచ్చేదే. కానీ అమ్మాయి అప్పటికే గోడ పట్టుకుని వంగిపోయింది.

మా ఆవిడ ఇన్‌హేలర్‌తో పరిగెత్తుకొచ్చింది. అది పనిచేయలేదు. పెద్దాయన కారు తీశాడు. నేను పిల్లని ఒళ్ళో వేసుకున్నాను. ఎమర్జెన్సీలో నర్సు దూదితో ముందు మా ఇద్దరి దగ్గరికే వచ్చింది, అంత నెత్తురు ఉంది మా మొహాల మీద. ఇద్దరం ఒకేసారి పిల్లని చూడమని అరిచాం.

ఆక్సిజన్ పెట్టాక, ఊపిరి కాస్త కుదురుకున్నాక, డాక్టరు కాగితం మీద రాసుకుంటూ అమ్మాయిని అడిగాడు.

"కిస్ చీజ్ సే హువా, బేటా? ధువా? ధూల్?"

దేనివల్ల వచ్చింది, పొగవల్లా, దుమ్మువల్లా, అని. ఇలా ఎవరడిగినా పక్కింటి వైపు వేలు చూపించే నేను ఆ రోజు చేతులు కట్టుకుని నిలబడ్డాను. అమ్మాయి మాస్కు కొంచెం జరిపింది.

"పాపా," అంది.

నన్ను పిలుస్తోందనుకుని డాక్టరు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. తను నన్ను పిలవలేదు. ఆయన అడిగినదానికి జవాబు చెప్పింది.